నల్ల అంచు నోటీసు

మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ స్పాస్ దోబ్రెవ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నీళ్లు ఆపుతున్నట్టు నోటీసులు అచ్చు వేయించాలి, లిపా వీధిలో ప్రతి తలుపుకీ అంటించాలి, ఆ తరువాత యార్డుకి పోయి చీకటి పడేదాకా పైపులు అతకడం సాధన చేయాలి. ఇంత చిన్న ప్లానులో మనిషి చచ్చిపోవడానికి చోటెక్కడుంది? ఉందని గురువారానికి గాని తేలలేదు.

స్పాస్ మా గోర్ని ఇజ్వోర్ పట్టణపు నీళ్ల ఆఫీసులో, మంచినీటి పైపులూ మురుగు పైపులూ బాగుచేసే టెక్నీషియన్ శిక్షణలో ఉన్నాడు. ఇది అతను చేరిన మూడో శిక్షణ. మొదటిది క్షవరం. పరీక్షనాడు అతని ముందు కూర్చున్నవాడు ఒక పక్క మీసంతో లేచి వెళ్లాడు. రెండోది బేకరీ. ఈస్టరు ముందు రాత్రి పొయ్యి పక్కనే వెచ్చగా నిద్రపోయాడు. ఆ పండక్కి ఊళ్లో సగం మంది నల్లటి రొట్టె తిన్నారు. అతన్ని చిన్నప్పటి నుంచి పెంచిన నానమ్మ త్సోనా మాత్రం ఆశ వదులుకోలేదు. మనవడు నీళ్ల ఆఫీసులో చేరాడో లేదో, ఇంజనీరయ్యాడని వాడంతా చెప్పుకుంది.

కానీ కొండ కింద పల్లెలో ఉన్న మేనమామ అంత మెత్తటి మనిషి కాదు. ఈ పరీక్ష కూడా పోతే కుర్రాణ్ణి తన పందుల ఫారానికి పంపించమని కబురు పెట్టాడు. చిన్నప్పుడు ఒక పంది స్పాస్ పిక్క పట్టుకుంది. అప్పటి నుంచీ అతనికి సాసేజీ చూసినా కాలు వణుకుతుంది. అందుకే గురువారం పరీక్ష అతనికి చావుబతుకుల సమస్య అయింది.

పరీక్ష సంగతంతా అతనికి పని నేర్పుతున్న గెంచో మేస్త్రి సోమవారమే చెప్పాడు.

"ఒరేయ్, జిల్లా నుంచి ఇంజనీరు తోష్కోవా మేడమ్ వస్తోంది. పది గంటలకి వాల్వు కట్టాలి. చిల్లు పడ్డ పైపు ముక్క కోసి కొత్తది వెయ్యాలి. పన్నెండుకల్లా నీళ్లు వదలాలి. జాయింటులో ఒక్క చుక్క కారకూడదు."

"కారనివ్వను మేస్త్రిగారూ."

"అది నేను చూసుకుంటాలే. అసలు తిరకాసు అక్కడ లేదు. ఆవిడ ఇళ్లకి పోయి అడుగుతుంది. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, 'నీళ్లాపుతారని మాకెవరూ చెప్పలేదు' అన్నారా, నీ పరీక్ష హుళక్కి. పోయినేడు ఇద్దరు అలాగే పోయారు."

"నోటీసులు అంటిస్తాం కదా?"

"అంటిస్తాం. చదివేదెవరు? నా ఇంటి తలుపు మీద నేనే అంటించిన కాగితం మా ఆవిడ చదవలేదు. నువ్వేం చేస్తావో నాకు తెలీదు, జనం ఆగి చూడాలి. ఇంకో మాట. ఇకనుంచి నోటీసు మీద పనిచేసేవాడి ఫోటో, పేరు ఉండాలట. పక్క ఊళ్లో దొంగలు నీళ్ల మనుషులమని చెప్పి ఇళ్లలో దూరుతున్నారుగా!"

మా ఊళ్లో అచ్చు పనంటే దోన్కా కొట్టుకే వెళ్లాలి. ఆ కొట్టు ఆసుపత్రికీ శ్మశానానికీ మధ్య దారిలో ఉంటుంది. ఆవిడ పెళ్లి కార్డులూ వేస్తుంది, చావు కాగితాలూ వేస్తుంది. ఈ మధ్య మా ఊళ్లో పెళ్లిళ్లు తగ్గాయి. ఎవరైనా పోతే వాళ్ల ఫోటో, పేరు, అంత్యక్రియల వేళ అచ్చు వేయించి, చుట్టూ నల్ల అంచు కట్టి, ఇంటి తలుపు మీదా బస్టాపులోనూ చెట్ల మీదా అంటిస్తారు. నలభయ్యో రోజుకి మళ్లీ అంటిస్తారు, ఆరు నెలలకి మళ్లీ, ఏడాదికి మళ్లీ. రొట్టె కోసం బయల్దేరిన మా ఊరివాళ్లు ముందు గోడలు చదివి, ఎవరెవరు పోయారో చూసుకుని, ఆ తరువాత రొట్టె కొంటారు.

దోన్కా స్పాస్ గుర్తింపు కార్డు మీది ఫోటోని మిషన్‌లో పెట్టింది. ఆ ఫోటో తీసినప్పుడు పోలీసు ఆఫీసులో నవ్వకూడదన్నారు. స్పాస్ మరీ ఎక్కువగా నవ్వకుండా ఉండిపోయాడు.

"ఏవి పెద్దవిగా వెయ్యాలిరా?"

"ఫోటో, పేరు, టైము. మేడమ్‌కి టైము దూరం నుంచే కనపడాలక్కా."

"మిగతా రాతంతా?"

"కింద ఎక్కడో సర్దెయ్."

మొదటి కాగితం మిషన్‌లోంచి బయటికి వచ్చింది. స్పాస్ దాన్ని చేతిలోకి తీసుకుని కాస్త తటపటాయించాడు.

"అక్కా, చుట్టూ ఈ నల్ల అంచు ఏమిటి?"

"అది ఎప్పుడూ ఉండేదేరా. తీసేస్తే కాగితం బోసిపోతుంది."

"అయినా..."

"నీ కాగితం జనం చూడాలా, వద్దా?"

"చూడాలి."

"మీ ఆఫీసు వాళ్లు ఏళ్ల తరబడి అంచు లేని కాగితాలే అంటిస్తున్నారు. ఎవరైనా చదివారా? నేనే చదవలేదు. మొన్న తల నిండా సబ్బు నురగతో ఉండగా నీళ్లు పోయాయి. ఈ ఊళ్లో మనిషి చూపు ఆగాలంటే అంచు ఉండాల్సిందే. పైన శిలువ ఉంటే తీసేశానుగా, ఇంకేం కావాలి నీకు?"

మేస్త్రి మాట గుర్తుకొచ్చి స్పాస్ సరేనన్నాడు. సాయంత్రానికల్లా లిపా వీధిలో ప్రతి తలుపు మీదా అతని మొహం ఉంది. కాగితాన్ని సరిగ్గా కళ్ల ఎత్తులో పెట్టి, చొక్కా చేతితో ముడతలు సవరించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పక్కన అంటించి ఉన్న మొహాలన్నీ ముసలివే. వాటి వరసలో తనే అందగాడిలా కనిపించాడు. బుధవారం తెల్లవారకముందే బస్సెక్కి ఊరవతల యార్డుకి పోయి, పైపు కోయడం, అతకడం, మళ్లీ కోయడం, ఇదే పనిలో పడ్డాడు.

అదే బుధవారం పొద్దున ఏడో నంబరు భవనం మూడో అంతస్తు నుంచి స్తోయ్నా పిన్ని రొట్టె కోసం కిందికి దిగింది. లిపా వీధిలో ఆవిడ ఏడవకుండా జరిగిన చావు లేదు, ఆవిడ ఫిర్యాదు చేయకుండా జరిగిన మరమ్మతూ లేదు. తలుపు దగ్గర ఆగి గుండె పట్టుకుంది.

"అయ్యో, అయ్యో! ఎంత చిన్నవాడు! కల్నల్ గారూ, ఇటు రండి, ఎవరండీ ఈ పిల్లాడు?"

ఆవిడ కింద అంతస్తులో ఉండే రిటైర్డు కల్నల్ జాగోర్స్కీ కళ్లజోడు సవరించుకున్నాడు. "స్పాస్ దోబ్రెవ్. గురువారం పది గంటలకి. మన భవనంవాడు కాదే. తొమ్మిదో నంబరువాడై ఉంటాడు."

తొమ్మిదో నంబరువాళ్లు అతను పదకొండులో ఉంటాడనుకున్నారు. పదకొండువాళ్లు ఏడో నంబరు వైపు చూసి తల పంకించారు. ప్రతి తలుపు మీదా కాగితం ఉందంటే మన వీధివాడేనని ఎవరికీ సందేహం రాలేదు, పక్కింటివాణ్ణి గుర్తుపట్టలేకపోయినందుకు మాత్రం అందరూ లోలోపల సిగ్గుపడ్డారు. చివరికి బేకరీలో గుట్టు విడింది.

"వీడా! త్సోనా ముసలమ్మ మనవడు!" అంది రొట్టెలమ్మే ఆవిడ. "మా దగ్గరే పనిచేసి మా పొయ్యిలో రొట్టెలన్నీ మాడ్చాడు. పాపం, బంగారంలాంటి పిల్లాడు."

"ఎలా పోయాడంటావు?"

కల్నల్ గొంతు సవరించుకున్నాడు. "కాగితం అడుగున చిన్న అక్షరాల్లో నీళ్ల ఆఫీసు పేరుంది. నేను చూశాను. ఆఫీసువాళ్లే వేయించారంటే ఉద్యోగంలో ఉండగా పోయాడన్నమాట."

"మ్యాన్‌హోల్‌లో పడ్డాడా?"

"నేనలా అనలేదు."

"కల్నల్ గారు చెప్పారు, మ్యాన్‌హోల్‌లో పడ్డాడట!" అని స్తోయ్నా పిన్ని వీధిలోకి వెళ్లింది. మధ్యాహ్నానికి ఆ మ్యాన్‌హోల్‌కి మూత లేదని, మూడింటికల్లా ఆ మూత అమ్ముకున్నది ఆఫీసువాళ్లేనని తేలిపోయింది.

ముసలమ్మకి ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, గుండె కూడా అంతంత మాత్రమే. ఈ మాట మన నోటితో ఎందుకనుకుని, చెప్పకుండా తిండి పట్టుకెళ్లడం మంచిదని లిపా వీధి నిర్ణయించింది. సాయంత్రం త్సోనా నానమ్మ తలుపు కొట్టినవాళ్లకి లెక్కలేదు. ఒకావిడ జున్ను పొరలు పెట్టి కాల్చిన బానిత్సా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, ముద్దు పెట్టుకుని, తలగుడ్డతో మొహం కప్పుకుని పరుగెత్తింది. ఇంకొకావిడ చిక్కుడుగింజల కుండ తెచ్చింది. కల్నల్ స్వయంగా వచ్చి, చేతికర్ర చంకలో పెట్టుకుని, ఒక సీసా రాకియా, ప్లమ్ పళ్ల సారా, బల్ల మీద పెట్టి, "ధైర్యంగా ఉండాలమ్మా," అన్నాడు. నానమ్మకి ఒక్క ముక్క వినపడలేదు. "ఉంటాను, ఉంటాను, అంతా ఆ దేవుడి దయ," అని నవ్వుతూ పంపించింది. ఆ నవ్వు చూసి కల్నల్ మెట్ల మీద కూర్చుండిపోయాడు.

స్పాస్ చీకటి పడ్డాక బస్సు దిగాడు. బట్టల నిండా బురద, మొహం తెల్లబడి ఉంది. బస్టాపులో నిలబడ్డ ఒక తాత అతన్ని చూసి శిలువ గుర్తు వేసుకుని పక్క సందులోకి తిరిగాడు. తన దగ్గర మురుగు వాసన కొడుతోందేమోనని స్పాస్ నొచ్చుకున్నాడు.

ఇంట్లో బల్ల మీద చోటు లేదు.

"ఏంటి నానమ్మా ఇదంతా?"

"రేపు నీకు పరీక్ష కదరా! ఊరంతా దీవెనలు పంపిస్తోంది. ఒక్కొక్కళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నీ మీద ఇంత ప్రేముందని నాకే తెలీదు."

స్పాస్‌కీ తెలియదు. కడుపు నిండా తిన్నాడు, రెండోసారి బానిత్సా వడ్డించుకున్నాడు. ఇంతమంది తన మీద నమ్మకం పెట్టుకున్నారు. ఇక ఓడిపోతే ఏ మొహం పెట్టుకుని తిరగాలా అనుకుంటూ పడుకున్నాడు.

గురువారం తెల్లవారేసరికి దట్టంగా మంచు కమ్ముకుంది. తోష్కోవా మేడమ్ పది గంటలకి కాస్త ముందే కారు దిగింది. పొట్టిగా, రబ్బరు బూట్లతో, ఎవరి మాటా పూర్తిగా నమ్మని మొహంతో ఉంటుంది ఆవిడ.

"నోటీసులు అంటించావా?"

"ప్రతి తలుపుకీ మేడమ్."

"అందరూ చదివారా?"

"ఆగి మరీ చదివారట మేడమ్," అన్నాడు స్పాస్. పొద్దున దోన్కా కొట్టు ముందు నుంచి వస్తుంటే ఆవిడ అతనికి ఆ మాటే చెప్పింది.

వీధి మలుపులో గెంచో మేస్త్రి చూస్తుండగా స్పాస్ పది కొట్టగానే వాల్వు తిప్పాడు. ముందురోజు ఆఫీసు కూలీలు తవ్వి ఉంచిన గుంతలో దిగి, పైపు కోసి, కొత్త ముక్క పెట్టి, రెండు పక్కలా క్లాంపులు బిగించాడు. మేడమ్ వంగి చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే అది మెచ్చుకున్నట్టేనని మేస్త్రి కన్ను గీటాడు. పన్నెండుకల్లా నీళ్లు వదిలారు. జాయింటు తళతళలాడుతూ పొడిగా ఉంది.

ఆ వీధికి పోయే నీటినంతా కొలిచే మీటరు మలుపు దగ్గర నేల కింద ఒక చిన్న గదిలో ఉంది. మేడమ్ మూత తీసి టార్చి వేసింది. మీటరు ముల్లు తిరుగుతూనే ఉంది.

"నీళ్లు పోతున్నాయి," అంది ఆవిడ.

"భోజనాల వేళ కదా మేడమ్. వంటలు చేసుకుంటున్నారు."

"పద, అడుగుదాం. ఎలాగూ ఫిర్యాదులున్నాయేమో కనుక్కోవాలి."

ఏడో నంబరు తలుపు దగ్గర అన్ని గంటలూ నొక్కారు. ఎవరూ పలకలేదు. తొమ్మిదిలోనూ పదకొండులోనూ అంతే. కిటికీల్లో ఒక్క మొహం లేదు, బెంచీల మీద ఒక్క ముసలమ్మ లేదు. లిపా వీధిలో ముసలమ్మలు లేని బెంచీని గెంచో మేస్త్రి తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. మేడమ్ చేతులు కట్టుకుని స్పాస్ వైపు తిరిగింది.

"వీధిలో ఒక్క ప్రాణి లేదు. మరి నీళ్లు ఎవరు వాడుతున్నారు?"

స్పాస్ ఖాళీ కిటికీల వైపు మరోసారి చూశాడు.

"ఎవరూ వాడట్లేదంటే కారుతున్నాయన్నమాట. ఈ వీధిలో ఇవాళ పైపు విప్పింది నువ్వొక్కడివే. దిగు. ఎక్కడ కారుతోందో కనిపెట్టు. కనిపెట్టలేకపోతే నీ కాగితం మీద ఏం రాయాలో నాకు తెలుసు."

పందులు స్పాస్ కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. పైపు చప్పుడు వినే ఇనుప కడ్డీ తీసుకుని గుంతలో దిగాడు. దాని ఒక కొస పైపు మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని, గుంత అడుగున బోర్లా పడుకున్నాడు. పైనుంచి చూస్తే అతను కనబడడు. మేస్త్రి వ్యాను దగ్గర టార్చికి బ్యాటరీ వెతుకుతున్నాడు. గుంత అంచున మేడమ్ ఒక్కతే, నీళ్ల ఆఫీసు కోటు వేసుకుని నిలబడి ఉంది.

సరిగ్గా అప్పుడు మంచులోంచి లిపా వీధి నల్లబట్టలతో నడిచొచ్చింది.

వాళ్లంతా పొద్దున శ్మశానానికి వెళ్లారు. చలిగాలిలో రెండు గంటలు నిలబడ్డారు. ఆ పేరుతో ఇవాళ ఎవరూ లేరని కాపలావాడు చెప్పాడు. కాగితం అబద్ధం చెబుతుందా అని కల్నల్ అతన్ని కసిరాడు. ఆసుపత్రిలో ఆలస్యమైందన్నారు, ఆఫీసువాళ్లు శవాన్ని దాచారన్నారు, చివరికి పాద్రీగారు కూడా ఓపిక చచ్చి వెళ్లిపోయాడు. చేతుల్లో చచ్చినవాళ్లకి పెట్టే సరిసంఖ్య పువ్వులు అలాగే ఉన్నాయి. స్తోయ్నా పిన్ని చేతిలో, పోయినవాళ్ల పేరుమీద పంచడానికి చక్కెర, అక్రోటు పొడి చల్లిన ఉడకబెట్టిన గోధుమల పళ్లెం ఉంది. అందరి కడుపుల్లోనూ ఆకలి, అందరి మనసుల్లోనూ మంట. ఎదురుగా నీళ్ల ఆఫీసు కోటు కనబడింది.

"ఈ గుంతేనా?" అని అరిచింది స్తోయ్నా పిన్ని. "ఆ పిల్లాణ్ణి మింగింది ఈ గుంతేనా?"

"ఏ పిల్లాడు?" అంది మేడమ్.

"ఇంకా ఏ పిల్లాడని అడుగుతోంది చూడండి! స్పాస్! ఆ ముసలమ్మకి ఒక్కగానొక్క మనవడు! ఎక్కడ పెట్టారు మీరు వాణ్ణి?"

"స్పాసా? ఇక్కడే ఉన్నాడు." మేడమ్ గుంతలోకి వేలు చూపించింది.

కల్నల్ టోపీ తీశాడు. వెనకున్న మగవాళ్లందరూ టోపీలు తీశారు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు.

"ఇంకా పైకి తియ్యలేదా!" అన్నాడు కల్నల్.

"ఎందుకు తియ్యాలి? పని అయిపోలేదు," అంది మేడమ్.

"ఇది ఎక్కడి న్యాయమమ్మా! చచ్చినవాడి చేత కూడా పనిచేయిస్తారా?" అంది స్తోయ్నా పిన్ని.

మేడమ్ ఏదో అనబోయేలోపు గుంతలోంచి పచ్చటి హెల్మెట్, దాని కింద బురద పట్టిన మొహం, ఆ మొహానికి ఆనించిన ఇనుప కడ్డీ పైకి లేచాయి.

"మేడమ్, జాయింటు పూర్తిగా పొడిగా ఉంది. నీళ్లు మరెటో..." అని స్పాస్ ఆగాడు. గుంత చుట్టూ వీధి వీధంతా నల్లబట్టలతో నిలబడి తననే చూస్తోంది. "నమస్కారమండీ," అన్నాడు.

ఎవరి చేతిలోంచో పూలగుత్తి జారి గుంతలో పడింది. ఒకావిడ పక్కావిడ మీదికి వాలిపోయింది, ఆ పక్కావిడ అంతకుముందే వేరొకరి మీద వాలి ఉంది. స్తోయ్నా పిన్ని మాత్రం పళ్లెం పడనివ్వలేదు. నెమ్మదిగా ముందుకొచ్చి, వంగి, స్పాస్ బుగ్గ గిల్లింది. వేళ్లకి బురద అంటింది.

"వెచ్చగానే ఉన్నాడు," అని జనానికి చెప్పింది. తరువాత అతని వైపు తిరిగి కళ్లెర్రజేసింది. "అయితే మమ్మల్నెందుకు ఏడిపించావురా?"

"నేనా పిన్నీ? నేనేం చేశాను?"

"చచ్చిపోయావు కదురా! తలుపు తలుపుకీ అంటించి మరీ చచ్చావు!"

మేడమ్ ఏడో నంబరు తలుపు దగ్గరికి నడిచి, ఆ కాగితాన్ని మొదటిసారి చదివింది. నల్ల అంచు, నవ్వని మొహం, స్పాస్ దోబ్రెవ్, గురువారం పది గంటలకు. కింద, కళ్లజోడు ముక్కు చివరికి దించుకుంటే గాని కనపడని అక్షరాల్లో: ఈ వీధిలో నీటి సరఫరా నిలిపివేయబడును, అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఆవిడ చాలాసేపు వీపు తిప్పుకుని అక్కడే నిలబడింది. ఆ భుజాలు ఎందుకు కదిలాయో గెంచో మేస్త్రికి ఇప్పటికీ తెలియదు.

ఈలోపు స్పాస్‌ని గుంతలోంచి లాగారు. ఎవరో అతని చేతిలో గోధుమల పళ్లెం పెట్టారు, ఎవరో వీపు మీద చరిచారు. కల్నల్ మాత్రం ఇంకా టోపీ పెట్టుకోలేదు.

"నన్ను చూడ్డానికి ఇంతమంది వచ్చారా?" అన్నాడు స్పాస్. "మీలో సగం మందికి నేనెవరో కూడా తెలీదు కదండీ!"

"తెలీదు," అంది స్తోయ్నా పిన్ని. "అయితే ఏం? కుర్రాడు ఒంటరిగా పోతాడేమోనని వచ్చాం."

స్పాస్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. గోధుమల్లో చక్కెర కాస్త ఎక్కువైంది, అయినా ఆపకుండా తిన్నాడు. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో తనని మాడిన రొట్టెలవాడిగానే చూస్తారనుకున్నాడు.

"తినడం అయ్యిందా?" అంది మేడమ్, వెనక్కి వచ్చి. మొహం మళ్లీ మామూలుగా ఉంది. "బతికున్నందుకు సంతోషం. మీటరు ఇంకా తిరుగుతోంది. అదీగాక ఈ కాగితం గురించి కూడా రాయాలి నేను. అమ్మా, ఇవాళ నీళ్లాపుతారని మీకెవరైనా చెప్పారా?"

గెంచో మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రశ్న వీధిలో ఇంకెవర్ని అడిగినా బాగుండేది.

"ఎవరు చెప్పారు! ఒక్కళ్లు చెప్పలేదు!" స్తోయ్నా పిన్ని గొంతు లేచింది. "నేను గోధుమల్లో చక్కెర కలిపి, శ్మశానానికి ఆలస్యమైపోయిందని గబగబా చేతులు కడుక్కుందామని కుళాయి తిప్పితే చుక్క లేదు! జిగట చేతులతోనే పెరటి గుమ్మంలోంచి పరుగెత్తాను! రాసుకోండి మేడమ్, రాసుకోండి! చేతులు కూడా..."

ఆవిడ హఠాత్తుగా ఆగిపోయింది.

స్పాస్ ఆవిడ మొహం చూశాడు, చేతిలో కడ్డీ చూశాడు. గోధుమల పళ్లెం మేడమ్ చేతిలో పెట్టి ఏడో నంబరు గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. నేలలోంచి భవనంలోకి వెళ్లే పైపు మీద కడ్డీ ఆనించి విన్నాడు. లోపల నీళ్లు జోరుగా పరుగెడుతున్నాయి.

"పిన్నీ, కుళాయి తిప్పావు సరే. కట్టావా?"

జవాబు పైనుంచి వచ్చింది. రెండో అంతస్తులో కల్నల్ బాల్కనీ అంచు నుంచి సన్నటి ధార మొదలై, చూస్తుండగానే లావెక్కింది. ఆ తరువాత కల్నల్ అరచిన అరుపు పటాలంలో అరచినవాటన్నిటికన్నా పెద్దదని చెబుతారు. స్పాస్ ఆ భవనానికి పోయే చిన్న వాల్వు కట్టేశాడు. మలుపు దగ్గర టార్చి వేసి చూస్తున్న మేస్త్రి కేక పెట్టాడు.

"ఆగింది! మేడమ్, మీటరు ఆగింది! పిల్లాడి జాయింటు భేషుగ్గా ఉంది!"

మేడ మీది పరిస్థితి మాత్రం అంత భేషుగ్గా లేదు. స్తోయ్నా పిన్ని సింకులో గోధుమలు కడిగిన గిన్నె అడ్డం పడి, నీళ్లు నేల మీదికి పొంగి, కింద కల్నల్ సీలింగు తడిసి, ఆయన గోడకి తగిలించుకున్న పతకాల పెట్టెలో సగం దాకా నిండాయి. పైకి పరుగెత్తిన కల్నల్ ఆ పెట్టెలో నీళ్లు ఒంపుకుంటూ కిందికి దిగాడు.

"నీ కుళాయి, నీ గిన్నె, నీ తప్పు!"

"నా తప్పెలా అవుతుంది? నీళ్లు పోతాయని చెబితే కుళాయి ముట్టుకునేదాన్నే కాదు! ఆఫీసుదే తప్పు! మాకు చెప్పలేదని రాయండి మేడమ్!"

స్పాస్ నోట్లో చక్కెర చేదెక్కింది. ఒక్కళ్లు అన్నారు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు చాలు. మేడమ్ తన చేతిలో ఉన్న గోధుమల పళ్లెం మేస్త్రికిచ్చి, జేబులోంచి పెన్ను తీసింది.

"అమ్మా, పొద్దున మీరు ఎక్కడికి వెళ్లారు?"

"ఇదెక్కడి ప్రశ్న! వీడి అంత్యక్రియలకి."

"ఇవాళేనని మీకెలా తెలిసింది?"

"కాగితం చూసి."

"ఆ కాగితం ఎక్కడుంది?"

"నా గుమ్మం మీదే ఉంది. ఇదుగో."

"చదివారా?"

"చదివానా అని అడుగుతున్నారా! చదివి చదివి ఏడ్చాను. కల్నల్ గారిని అడగండి!"

"చదివింది," అన్నాడు కల్నల్, పతకాలు తుడుచుకుంటూ. "నేనే సాక్షిని. నేనూ చదివాను. అడుగున ఆఫీసు పేరుతో సహా."

"మిగతావాళ్లు?"

ఎవరికి వాళ్లు చదివామనే అన్నారు. చదవకుండా ఏడ్చారని అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. మేడమ్ తల ఊపి కాగితం ముందుకు జరిపింది.

"అయితే ఇక్కడ సంతకాలు చెయ్యండి. నీటి సరఫరా నిలిపివేత నోటీసు అందింది, చదివాము అని."

స్తోయ్నా పిన్ని పెన్ను అందుకుంది. ఆవిడ జీవితంలో ఫిర్యాదు చేయకుండా సంతకం చేసిన కాగితం అదొక్కటే. ఆ సంతకంతో తప్పు తనదేనని తేలి, కల్నల్ సీలింగుకి సున్నం వేయించడం ఆవిడ బాధ్యతగా మారింది.

మేడమ్ కారెక్కబోతూ స్పాస్‌ని పిలిచింది. "ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లుగా ఉన్నాను. వీధి వీధంతా చదివిన నోటీసు ఇదొక్కటే చూశాను. పాసయ్యావు. ఫోటో మాత్రం నవ్వుతూ తీయించుకో."

"అంచు తీయించెయ్యమంటారా మేడమ్?"

"అంచు ఉంచు," అని ఆవిడ కారు తలుపు వేసుకుంది. తరువాతి వారమే జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి ప్రతి నోటీసుకీ స్పష్టమైన ముదురు అంచు ఉండాలి. దోన్కా కొట్టుకి ఇంకో మిషను వచ్చింది.

సాయంత్రం స్పాస్ ఇంటికి పోయి పాసయ్యానని నానమ్మ చెవిలో అరిచి చెప్పాడు. నానమ్మ ఆశ్చర్యపోలేదు, అంత తిండి ఊరికే వస్తుందా అంది. మేనమామకి కబురు వెళ్లింది. పందులు ఆ ఏడాదికి స్పాస్ లేకుండానే గడుపుకున్నాయి.

స్పాస్ కొత్త ఫోటో తీయించుకోవడం మరిచిపోయాడు. చలి ముదిరాక లిపా వీధిలో పాత వాల్వు మార్చాల్సి వచ్చి, ప్రతి తలుపుకీ అదే నవ్వని మొహంతో నోటీసు అంటించాడు. పొద్దున రొట్టెకి దిగిన స్తోయ్నా పిన్ని దాని ముందు ఆగి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని, కింది చిన్న అక్షరాల దాకా చదివింది.

"కల్నల్ గారూ, అప్పుడే నలభై రోజులైపోయాయండీ మన పిల్లాడికి," అంది పైకి చూసి. "నీళ్లు పోకముందే గోధుమలు ఉడకబెట్టాలి."

పదింటికి పళ్లెం పట్టుకుని గుంత దగ్గరికి బయల్దేరింది, కుళాయి కట్టేసి మరీ.